కుట్టుమిషనుకో దీపం... కత్తెరకో దీపం!

మన ఇళ్లల్లో దీపాల లెక్క ఒక్కసారి వేసి చూడండి. హాల్లో ట్యూబ్‌లైటు, టీవీ వెనకాల రంగుల పట్టీ, గేటు స్తంభం మీద గుండ్రటి డూము, పూజగదిలో జీరో బల్బు. మెట్ల కింద పెట్టే స్కూటరుకి కూడా తలమీద ఓ బల్బుంటుంది. మరి కుట్టుమిషను మీద? ఇల్లు కట్టేటప్పుడు దానికంటూ ఓ చోటుండదు కదా, ఇంక దీపం సంగతి ఎవరడుగుతారు! ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి చేరుతుందది. బీరువా పక్కనో, మంచం కాళ్ల దగ్గరో, వెనక వరండాలో గ్రైండరుకి తోడుగానో. వెలుతురు చాలడం లేదంటే వెంటనే వచ్చే సమాధానం కూడా మనకి తెలిసిందే. "పగలు కుట్టుకోరాదూ, రాత్రిళ్లు ఏం మునిగిపోయిందని?"

పగలంతా వంటా, వార్పూ, పిల్లల బళ్లూ, పెద్దవాళ్ల మందులూ. మిషను ముందు కూర్చునేది అవన్నీ అయ్యాకేగా. ఆ సంగతి అడిగేవాళ్లకి తెలియదా అంటే తెలుసు. కాకపోతే ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చేసేది పనికింద లెక్క కాదు. నరసాపురం లేసు మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకం తెచ్చారు. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఇళ్లల్లో కూర్చుని ఆడవాళ్లు అల్లిన లేసు విదేశాలకి వెళ్లి అమ్ముడవుతున్నా, ఆ అల్లికని 'గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని'గానే చూస్తున్నారని ఆవిడ చెప్పారు. ఇన్నేళ్లు గడిచినా మన టైలరింగూ, మగ్గం వర్కూ, పీకో-ఫాల్సూ అదే ఖాతాలో ఉన్నాయి. తీరిక పనికి ప్రత్యేకంగా దీపమెందుకు అన్నది దాంట్లోంచి వచ్చిన మాటే.

ఈ విషయం ఇంత గట్టిగా రాయడానికి కారణం తెనాలిలో ఉన్న మా తోటికోడలు. పదిహేనేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతోంది. సరదాకి మొదలుపెట్టిన పని ఇప్పుడు ఇద్దరు పిల్లల కాలేజీ ఫీజుల్లో సగం మోస్తోంది. సాయానికి ఇద్దరమ్మాయిలు వస్తారు. గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. అందులోనే రెండు మిషన్లు, ఒక కటింగు బల్ల, గోడవారగా మగ్గం చట్రం, మూలన ఇస్త్రీ, ఇంకో మూల చిన్నవాడి మంచం. ఇన్నింటికీ కలిపి గుమ్మం పైన ఒక్క ట్యూబ్‌లైటు! మొన్న వేసవిలో వెళ్లినప్పుడు చూశాను. సూదిలో దారం ఎక్కించడానికి జాకెట్టు గుడ్డ పట్టుకుని గుమ్మంలోకి వెళ్లొస్తోంది. "అక్కా, ఇదేంటి?" అంటే, "అలవాటైపోయిందిలే. రాత్రయితే సెల్‌ఫోను లైటు పెట్టుకుంటా. పెద్ద లైటేస్తే వీడికి నిద్ర చెడుతుంది" అంది.

ఒక్క లైటు, ఒక్క స్విచ్చి. వేస్తే గదంతా వెలుగు, ఆర్పితే గదంతా చీకటి. అదీ అసలు చిక్కు. ఆ తర్వాత నెలలోనే ఆ గదికి నాలుగు దీపాలు, దేని స్విచ్చి దానికే వచ్చేలా పెట్టించుకుంది. ఆ పని దగ్గరుండి చూశాను కాబట్టి, ఇంట్లో కుట్టుగది ఉన్న చెల్లెళ్లకి, అక్కయ్యలకి పనికొస్తుందని రాస్తున్నాను.

గదంతా వెలిగిస్తే చాలదా?

చాలదు. ఎందుకో చిన్న లెక్కలో తెలుస్తుంది. మన బల్ల మీద పడే వెలుతురుని లక్సుల్లో కొలుస్తారు. ఒక చదరపు మీటరు చోటులో ఒక ల్యూమెన్ వెలుగు పడితే అది ఒక లక్సు. ఇప్పుడొచ్చే నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబు 20 వాట్లది సుమారు 2000 ల్యూమెన్లు ఇస్తుంది (డబ్బామీద రాసే ఉంటుంది, చూసుకోండి). పన్నెండు పది గదంటే సుమారు 11 చదరపు మీటర్లు. గోడలూ, సామానూ మింగేసేది పోగా సగం వెలుగు మన బల్ల ఎత్తుకి చేరుతుందనుకుందాం. అంటే బల్ల మీద పడేది వందకి అటూ ఇటూ లక్సులు. కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి ఇది శుభ్రంగా సరిపోతుంది. మరి కుట్టుపనికో? యూరపు దేశాల్లో పనిచేసే చోట్లకి పెట్టుకున్న ప్రమాణాల్లో కుట్టుపనికి 750 లక్సులుండాలని రాసుకున్నారు. రంగులు సరిచూసే పనికైతే 1000.

గది మొత్తాన్ని ఆ స్థాయికి తేవాలంటే ఎనిమిది ట్యూబులు కావాలి. అప్పుడు అది కుట్టుగదిలా ఉండదు, నగల షాపులా ఉంటుంది. పైగా మనక్కావలసింది గదంతా కాదు కదా. సూది కింద జానెడు చోటు, కత్తెర నడిచే బల్ల, పూసలు కుట్టే చట్రం, అంతే. దీపాన్ని పని దగ్గరికి దింపితే తక్కువ దీపంతోనే ఎక్కువ వెలుతురొస్తుంది. చిన్న బల్బయితే దూరం సగానికి తగ్గించినప్పుడు వెలుగు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. బల్లకి మూడున్నర అడుగుల ఎత్తుకి దింపిన ఒక్క ట్యూబు 500 లక్సుల దాకా ఇస్తుంది. అదే ట్యూబు పదడుగుల ఎత్తున గుమ్మం పైన ఉంటే వంద. చూశారా తేడా!

ఇంకో సంగతి వయసుది. నలభై దాటితే చత్వారం వస్తుందని అందరికీ తెలుసు. కళ్లజోడు పెట్టించుకుంటే ఆ సమస్య తీరిందనుకుంటాం. కానీ కంటిపాప కూడా వయసుతో చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. అరవై ఏళ్ల కంటికి ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడు రెట్ల వెలుతురు కావాలంటారు. అందుకే ఒకే గదిలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి "బానే కనిపిస్తోందిగా ఆంటీ" అంటుంది, యాభై ఏళ్లావిడ దారం కోసం తడుముకుంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎవరి దీపం స్విచ్చి వాళ్ల దగ్గర ఉండాలనడానికి ఇదొక కారణం.

నీడ ఎటు పడుతోంది?

దీపం ఎన్ని వాట్లన్న దానికంటే ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. గది మధ్యలో పెద్ద దీపం పెట్టి, మిషను గోడకి ఆనించి, గోడవైపు తిరిగి కూర్చున్నామనుకోండి. దీపం మన వీపు వెనకుంటుంది. మన తల నీడ, భుజం నీడ తీసుకొచ్చి సూది మీద వేస్తుంది. ముందుకి వంగేకొద్దీ నీడ ఇంకా చిక్కనవుతుంది. సాయంత్రానికి మెడ పట్టేసిందని జండూబామ్ రాసుకునేవాళ్లలో సగం మందికి అసలు రోగం ఈ దీపమేనని నా అనుమానం.

అందుకని దీపం మనకీ గోడకీ మధ్యలో, అంటే మిషనుకి సరిగ్గా పైన లేదా ఒక్క పిసరు అవతలికి ఉండాలి. ఇంకొకటి, మిషను తయారీయే అలా ఉంది, దాని మెడ మనకి కుడివైపు, సూది ఎడమవైపు. కుడిపక్కనుంచి దీపం వేస్తే మిషను మెడే సూదికి అడ్డమొస్తుంది. ఎడమనుంచి వెలుగు పడితే సూదీ, పాదం, గుడ్డ అంచూ మూడూ కనిపిస్తాయి. ఎడమచేతి వాటం వాళ్లయినా మిషను దగ్గర ఇదే పద్ధతి, ఎందుకంటే మిషను మారదు. చేత్తో హెమ్మింగూ, కాజాలూ కుట్టేటప్పుడు మాత్రం వాళ్లకి వెలుగు కుడినుంచి రావాలి.

మా తోటికోడలు మిషన్లు రెండింటి మీదా చెరో 9 వాట్ల బల్బు వేలాడదీయించింది. పైన గిన్నె బోర్లించినట్టుండే షేడు. మిషను బల్లకి రెండున్నర అడుగుల ఎత్తు. షేడు లేకపోతే బల్బు సూటిగా కళ్లల్లోకి కొట్టి, దాని చుట్టూ ఉన్నది ఏదీ కనపడకుండా చేస్తుంది. షేడు అంచు కూర్చున్నవాళ్ల కళ్లకంటే కాస్త కిందికి ఉండేలా తీగ పొడవు సరిచూసుకోవాలి. ఇదే కొలత నిలబడి చూసి పెట్టారంటే లాభం లేదు. కుర్చీలో కూర్చుని చూసుకోవాలి.

కటింగు బల్ల సంగతి వేరు. అక్కడ నిలబడి, చుట్టూ తిరుగుతూ పని చేస్తాం. దానికి ట్యూబే మంచిది. బల్ల పొడవుకి సమాంతరంగా, బల్ల నడిమధ్యన, నేలనుంచి ఆరున్నర అడుగుల ఎత్తున. ట్యూబు పొడుగ్గా ఉంటుంది కనక నీడలు మెత్తగా పడతాయి, సుద్దగీత కత్తెర నీడలో దాక్కోదు. మగ్గం చట్రానికి ఇంకో ట్యూబు. అక్కడ ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు కదా, అందుకని చట్రానికి నిలువునా పైన పెట్టారు, ఒకరి తల నీడ ఇంకొకరి పూసల మీద పడకుండా. చమ్కీలూ, కుందన్లూ మెరుస్తాయి కాబట్టి ఇక్కడ విడి బల్బు పనికిరాదు. ప్రతి చమ్కీలోనూ ఓ బల్బు కనిపించి కళ్లు జిగేల్మంటాయి. పాలరంగు మూత ఉన్న ట్యూబు కొనుక్కోవాలి.

ఇస్త్రీకి కొత్త దీపం పెట్టలేదు. గుమ్మం మీది పాతది చాలు.

ఫ్యానుతో పేచీ

ఇది చాలామంది ఎలక్ట్రీషియన్లు చెప్పరు. దీపం ఫ్యాను రెక్కలకంటే పైన, ఫ్యానుకి దగ్గరగా ఉంటే, తిరిగే రెక్కలు వెలుగుని కోస్తూ ఉంటాయి. బల్ల మీద వెలుగు చకచక కొట్టుకుంటుంది. పది నిమిషాల్లో తలనొప్పి మొదలవుతుంది, ఎందుకో తెలియదు. మామూలు ఫ్యాను రెక్క మధ్యనుంచి రెండడుగులు వస్తుంది. దీపం పెట్టదలచిన చోటునుంచి సూది దాకా ఒక పురికొస లాగి పట్టుకోండి. ఆ పురికొస రెక్కలు తిరిగే చక్రంలోంచి వెళ్తుంటే దీపాన్ని జరపాలి. దీపం రెక్కలకంటే కిందికి దిగితే ఈ గొడవే ఉండదు, గాలికి ఊగకుండా చూసుకుంటే చాలు.

దీపం తనంతట తాను కూడా కొట్టుకుంటుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, దాంతో పాత చోకు ట్యూబ్‌లైటు సెకనుకి వంద సార్లు వెలిగి తగ్గుతుండేది. మన కంటికి తెలిసేది కాదు. కానీ ఆ వెలుగులో గిరగిరా తిరిగే చక్రం ఒక్కోసారి మెల్లగా తిరుగుతున్నట్టో, ఆగిపోయినట్టో కనిపిస్తుంది. లేతు మిషన్ల షెడ్లలో దీనికి పూర్వం నుంచీ జాగ్రత్త పడుతున్నారు. మోటారు మిషను చక్రం దగ్గర మనమూ పడాలి. ఎల్ఈడీల్లో నాసిరకం వాటికి ఇప్పటికీ ఈ జబ్బుంది. కొనే ముందు షాపులోనే వెలిగించమని, సెల్‌ఫోను కెమెరాతో చూడండి. తెర మీద నల్లటి చారలు గట్టిగా కదులుతుంటే ఆ దీపం వద్దు.

చీర ఒక రంగు, దారం ఒక రంగు

బట్టల షాపులో చీర నచ్చగానే మనం చేసే మొదటి పని ఏమిటి? దాన్ని గుమ్మం దగ్గరికి పట్టుకెళ్లి ఎండలో చూడడం. మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న ఈ తెలివి వెనక పెద్ద శాస్త్రమే ఉంది. రెండు గుడ్డలు ఒక దీపం కింద ఒకే రంగులా కనిపించి, ఇంకో దీపం కింద వేరుగా కనిపించగలవు. రాత్రి లైటు కింద సరిపోయిందనుకున్న లైనింగు పొద్దున్నే చూస్తే పెడమొహం పెట్టేది అందుకే.

తెల్లటి ఎల్ఈడీలో మొదట పుట్టేది నీలి వెలుగు. దానిమీద పసుపు వెలుగిచ్చే పూత పూస్తే, రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఆ నీలి ఎల్ఈడీని సాధించినందుకే జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలు, ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది, 2015 జనవరిలో, ఉజాలా పథకం మొదలై చవకగా ఇచ్చిన 9 వాట్ల బల్బులు మన ఇళ్లకి చేరాయి. అంతా బాగానే ఉంది కానీ నీలం, పసుపు కలిపిన తెలుపులో ఎరుపు వాటా తక్కువ. దాంతో చవకరకం ఎల్ఈడీ కింద కుంకుమరంగు, మెరూను, ముదురు గులాబీ వెలవెలబోతాయి. మన పట్టుచీరల అంచులన్నీ ఆ రంగులే కదా!

డబ్బామీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయన్నదానికి నూటికి వేసే మార్కులనుకోండి. మామూలు దీపాలకి 80 ఉంటుంది. 90, ఆపైన ఉన్నవి కాస్త ఖరీదు. నాలుగు దీపాలూ అలాంటివే కొనక్కర్లేదు. కటింగు బల్ల మీద ఒక్కటి ఉంటే చాలు, దారాలు, లైనింగులు అక్కడే చూసుకోవచ్చు. అయితే ఆ మార్కులు లేత రంగులు ఎనిమిదింటిని చూసి వేసేవి, చిక్కటి ఎరుపు ఆ లెక్కలో రాదు. అందుకని పెళ్లి జాకెట్లకి గుమ్మం దగ్గర ఎండే ఇప్పటికీ మేలు. వీలుంటే పసుపు దీపం కింద కూడా ఒకసారి చూడండి. కల్యాణమండపంలో వేసుకునేది ఆ వెలుగులోనేగా.

దీపం తెలుపులోనూ రకాలున్నాయి. 6500 అని రాసి ఉంటే నీలిఛాయ తెలుపు, 3000 అంటే పసుపుఛాయ, 4000 మధ్యస్థం. ఏదైనా ఫరవాలేదు కానీ గదిలో అన్నీ ఒకటే అంకె ఉండాలి. బల్ల మీద ఒక తెలుపు, మిషను మీద ఒక తెలుపు ఉంటే గుడ్డ జరిగినప్పుడల్లా రంగు మారినట్టు కనిపిస్తుంది.

వైర్ల సంగతి మనకి తెలియాలా?

పని ఎలక్ట్రీషియనే చెయ్యాలి. స్టూలెక్కి మనం వైర్లు పట్టుకోవద్దు. కానీ ఏం జరుగుతోందో తెలిసి ఉంటే అడగగలుగుతాం. మా తోటికోడలు ఇంటికొచ్చిన కుర్రాడు మొదట ఏమన్నాడో తెలుసా? "నాలుగు లైట్లకీ ఒకటే స్విచ్చి పెట్టేస్తానమ్మా, వైరు కలిసొస్తుంది." మా బావగారు సరేననబోయారు. ఆవిడ మాత్రం, "వద్దు బాబూ, ఎన్ని లైట్లుంటే అన్ని స్విచ్చులు. వైరు డబ్బులు నేనిస్తాగా" అంది. ఆ గదిలో అంతవరకూ ఆవిడ మాట ఆ విధంగా చెల్లడం నేను చూడలేదు.

విడి స్విచ్చులంటే అదేం బ్రహ్మవిద్య కాదు. స్విచ్‌బోర్డుకి ఒక ఫేజు వైరొస్తుంది, దాన్ని స్విచ్చులన్నిటికీ పంచుతారు. ఒక్కో స్విచ్చినుంచి ఒక్కో వైరు తన దీపానికి వెళ్తుంది. తిరిగొచ్చే న్యూట్రల్ అన్నిటికీ ఒకటే. కొత్త దీపాలు నాలుగైతే స్విచ్చి వైర్లు నాలుగు, న్యూట్రల్ ఒకటి, ఎర్తు ఒకటి, మొత్తం ఆరు పైకెళ్తాయి. దీపాలకి 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు చాలు, 1.5 వేస్తే ఇంకా నిశ్చింత. పాత దీపంతో కలిపి అన్నీ వెలిగినా 78 వాట్లు. పాతకాలపు ఫ్యాను ఒక్కటే 75 తీసుకుంటుంది. "ఇన్ని లైట్లకి మీ ఇంటి వైరింగు ఆగదు" అని ఎవరైనా భయపెడితే ఈ లెక్క చెప్పండి.

ఆగనిది ఇస్త్రీపెట్టె. మామూలుదే 750 నుంచి 1000 వాట్లు, ఆవిరిదైతే 2000 కూడా ఉంటుంది. దాన్ని ఈ దీపాల బోర్డులో ఎక్స్‌టెన్షన్ పెట్టి గుచ్చొద్దు. దానికి మందపాటి వైరుతో వేరే ప్లగ్గుండాలి.

ఒక్క విషయం మాత్రం దగ్గరుండి చూడాల్సిందే. స్విచ్చి ఆపాల్సింది ఫేజుని. పొరపాటున న్యూట్రల్‌కి స్విచ్చి పెడితే కూడా దీపం వెలుగుతుంది, ఆరుతుంది. పైకి ఏ తేడా తెలియదు. కానీ ఆరిపోయాక కూడా హోల్డర్లో కరెంటుంటుంది. బల్బు మార్చబోయి చెయ్యి తగిలితే అంతే. మిషను మీద దీపం చేతికందే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఇక్కడ ఈ ప్రమాదం ఎక్కువ. పని పూర్తయ్యాక అన్ని స్విచ్చులూ ఆపించి, హోల్డర్లలో టెస్టరు పెట్టి చూపించమనండి. వెలగకూడదు. ఇంట్లో ఉన్న ఎల్ఈడీ ఏదైనా ఆర్పేశాక రాత్రిళ్లు మిణుకుమిణుకుమంటోందా? స్విచ్చి న్యూట్రల్‌కి పడి ఉండొచ్చు, లేదా స్విచ్చిలో ఉండే చిన్న ఎర్ర సూచిక దీపం వల్ల కావచ్చు. ఏదైందీ చూపించుకోవాలి.

పనిలో పని, మిషను ప్లగ్గు కూడా చూసుకోండి. తొక్కుడు మిషనుకి తర్వాత మోటారు బిగించుకున్నవాళ్లు చాలామంది. దానికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది. మిషను వొళ్లంతా ఇనుము. మోటారు లోపల ఎక్కడైనా తొడుగు చిట్లితే ఆ కరెంటు ఇనుములోకొస్తుంది. మనమేమో వట్టి పాదాలతో, వానాకాలం చెమ్మ నేలమీద. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించి, ఇనుప వొంటికి ఎర్తు కలిపించాలి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ ఉంటే, కరెంటు పక్కదారి పట్టిన క్షణంలో అదే ఆపేస్తుంది. ఫ్యూజుగానీ, మామూలు ఎంసీబీగానీ ఆ పని చెయ్యలేవు. అవి వైర్లని కాపాడేవి, మనుషుల్ని కాదు.

అద్దె ఇల్లయితే?

ఇంటాయన గోడకి మేకు కొట్టనివ్వడు, శ్లాబుకి డ్రిల్లంటే గుండెలు బాదుకుంటాడు. అలాంటి చోట బల్లకి రెండు పక్కలా నిలువు కర్రలు బిగించి, పైన అడ్డపట్టీ వేసి, దీపాలూ స్విచ్చులూ అన్నీ దానిమీదే పెట్టించుకోవచ్చు. చూడ్డానికి మన దసరా బొమ్మలకొలువు పందిరిలా ఉంటుంది. ఒక్క మూడు పిన్నుల వైరు గోడ ప్లగ్గులోకి. ఇల్లు మారితే పందిరితో సహా లారీ ఎక్కించడమే. పెంకుటిల్లయితే ఇంకా సులువు, దూలానికీ దూలానికీ మధ్య ఒక పట్టీ వేసి దానికి వేలాడదీయొచ్చు. కరెంటు వైరు మాత్రం కర్రకి విడిగా చుట్టకుండా పైపులోంచి నడిపించాలి. ఎలుకలుంటాయి.

ఇన్వర్టరు ఉన్నవాళ్లు ఈ గదిలో ఒక్క దీపాన్ని దానికి కలిపించుకోండి. మిషను మీదిదైతే మంచిది. కరెంటు పోయినప్పుడు కత్తెర ఆగినా ఫరవాలేదు, సగం కుట్టిన చెయ్యి ఆగకూడదు.

స్విచ్చుల వరస గురించి ఒక మాట. బోర్డు ముందు నిలబడితే గదిలో దీపాలు ఎడమనుంచి కుడికి ఏ వరసలో కనిపిస్తాయో, స్విచ్చులూ అదే వరసలో ఉండాలి. లేకపోతే దేనికేది అని రోజూ హార్మోనియం వాయించడమే. బోర్డు కూడా గుమ్మం దగ్గర కాకుండా, మిషను ముందు కూర్చున్న మనిషి చెయ్యి చాపితే అందేచోట. తెనాలి ఇంట్లో స్విచ్చుల కింద తెల్లకాగితం ముక్కలు అంటించి పేర్లు రాసుకున్నారు. బల్ల, పెద్ద మిషను, చిన్న మిషను, మగ్గం. పాత దీపం స్విచ్చి కింద చిన్నవాడు తనే 'నా నిద్ర' అని రాసి పెట్టాడు.

ఖర్చా? ట్యూబులు రెండు, బల్బులు రెండు, షేడులు, వైరు, పట్టీలు, బోర్డు, మనిషి కూలీతో సహా నాలుగు వేలు దాటలేదు. లైనింగు జాకెట్లు ఓ పది కుడితే వచ్చే డబ్బు. కరెంటు బిల్లు సంగతి కూడా చెప్పాలి. అన్ని దీపాలూ రోజుకి ఆరు గంటలు ఒకేసారి వెలిగినా అర యూనిట్టు కూడా కాదు, నెలకి 14 యూనిట్లు. నిజానికి ఒకటో రెండో తప్ప అన్నీ ఎప్పుడూ వెలగవు కనుక అందులో సగం. విడి స్విచ్చుల వల్ల బిల్లు ఏదో కుప్పలు తెప్పలుగా మిగులుతుందని నేను చెప్పను. ఎల్ఈడీలొచ్చాక దీపాల మీద మిగిలేది ఎంతని! మిగిలింది ఏమిటంటే, రాత్రి పదకొండింటికి చిన్న మిషను మీద ఒక్క దీపం వెలుగుతుంటే నాలుగడుగుల దూరంలో చిన్నవాడు దుప్పటి ముసుగైనా వేసుకోకుండా నిద్రపోతున్నాడు. నల్ల వెల్వెట్టు మీద నల్లదారంతో కుట్టు పడుతోంది. సెల్‌ఫోను ఛార్జింగులో ఉంది.

ఈ పని పెట్టుకోవడానికి ఆషాఢం మంచి అదను. పెళ్లిళ్లుండవు, కుట్లు తక్కువ. ఎలక్ట్రీషియన్లు కూడా ఆ నెలలో గృహప్రవేశాల హడావుడి లేక ఫోనెత్తుతారు. గది రెండ్రోజులు దుమ్ము కొట్టుకుపోతుంది కనుక వచ్చిన చీరలన్నీ ముందే మూటగట్టి పక్కగదిలో పెట్టేసుకోండి. సున్నం వేయించే ఆలోచనుంటే పట్టీలు బిగించాక కాదు, ముందే వేయించాలి, అదీ తెల్లటిది. తెల్ల గోడ వెలుగుని తిప్పి మన బల్ల మీదికే పంపుతుంది, ముదురు రంగు గోడ తాగేస్తుంది. వరలక్ష్మీ వ్రతం జాకెట్లు వచ్చిపడేది శ్రావణంలో. ఆలోపు అయిపోవాలి.